మా బాపు, చిన్నబాపు, ఒక వీసీఆర్

2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఒక పైరసీ సైటు నడిపేవాణ్ణి పట్టుకున్నారు, గుర్తుందిగా? ఆ వారమంతా మా ఆఫీసు క్యాంటీన్లో అదే గొడవ. "కోట్లు పెట్టి తీసిన సినిమాని ఊరికే ఎత్తుకుపోతాడా, లోపలెయ్యాల్సిందే" అని ఒకడు. "నలుగురం హాలుకెళ్తే పాప్‌కార్న్‌తో కలిపి రెండు వేలు వదుల్తున్నాయి, వాడు చేసింది సమాజసేవ" అని ఇంకొకడు. నన్నూ అడిగారు. నవ్వి ఊరుకున్నా. ఎందుకంటే ఈ గొడవ నాకు కొత్త కాదు. నలభయ్యేళ్ళ క్రితం మా ఇంట్లోనే జరిగింది. అదీ అన్నదమ్ముల మధ్య.

మాది నిజామాబాదు జిల్లా ఆర్మూరు. పసుపు, ఎర్రజొన్న, సిద్దుల గుట్ట... ఈ మూడూ తెలిస్తే మా ఊరు సగం తెలిసినట్టే. మిగతా సగం దుబాయి. (మస్కట్ వెళ్ళినా, కువైట్ వెళ్ళినా, సౌదీ వెళ్ళినా మా వైపు "దుబాయి పోయిండు" అనే అంటారు.) మా బాపు ఊళ్ళో ఒక టాకీసులో ఆపరేటరు. చిన్నబాపు మస్కట్‌లో మేస్త్రీ పని. 1985లో సెలవు మీద వస్తూ చిన్నబాపు ఒక రంగుల టీవీ, ఒక వీసీఆర్ మోసుకొచ్చాడు. దాంతోపాటు ఒక సూట్‌కేసు నిండా క్యాసెట్లు. అంతే, మా ఇల్లు రెండు పార్టీలైపోయింది.

చిన్నబాపు తిరిగి వెళ్ళిపోయాక చిన్నమ్మ ఆ టీవీని, వీసీఆర్‌ని కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టింది. రాత్రికి మూడు క్యాసెట్లతో కలిపి నూరు రూపాయలు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఎడ్లబండి మీద వచ్చి గడ్డిలో పెట్టి జాగ్రత్తగా తీసుకెళ్ళేవాళ్ళు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాదు యార్డులో అమ్ముకుని చేతిలో డబ్బులు ఆడే రోజుల్లో అయితే ఒక్క రాత్రి కూడా ఇంట్లో ఉండేది కాదు. వినాయక చవితి, పెళ్ళిళ్ళు సరేసరి. ఏ కల్లంలోనో గోడకి ఆనించి టీవీ పెడితే ముందు పిల్లలు, వెనక పెద్దలు, ఇంకా వెనక చెట్ల మీద మా బ్యాచ్. బొమ్మ మీద గీతలొస్తే ట్రాకింగ్ తిప్పడం, అప్పటికీ రాకపోతే మూత విప్పి కొత్త రూపాయి నోటుతో హెడ్డు తుడవడం. నా మొదటి హార్డ్‌వేరు ట్రబుల్ షూటింగ్ అదేనండి :)

ఇటు బాపు టాకీసులో ఏమో, వీడియో ఆడిన రాత్రి సెకండ్ షోకి పట్టుమని ముప్పై మంది ఉండేవాళ్ళు కాదు. యజమాని జీతం ఆలస్యం చెయ్యడం మొదలెట్టాడు. మరుసటి ఏడు చిన్నబాపు సెలవుకి వచ్చినప్పుడు జరిగిన మాటలు నాకింకా చెవుల్లోనే ఉన్నాయి.

"నా కడుపు మీద కొడుతున్నవు రా తమ్మీ. అది దొంగ బొమ్మ."

"అన్నా, దొంగ బొమ్మనే గాని, నీ టాకీసుకు కొత్త బొమ్మ ఎప్పుడస్తదే? హైదరాబాదుల ఆడి, నిజామాబాదుల ఆడి, మనకచ్చేసరికి మూడు నెల్లాయె. అచ్చినంక సగం పాటలు ఉండయి. ఊరోల్లు గప్పటిదాంక ఎందుకాగాలె?"

బాపు దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ మాట నిజం అని ఊళ్ళో అందరికంటే బాపుకే ఎక్కువ తెలుసు. ఆ రోజుల్లో ఒక సినిమాకి తీసే ప్రింట్లు పదుల్లోనే. పెద్ద ఊళ్ళలో ఆడి ఆడి, గీతలు పడి, తెగి, అతికి, చివరికి మాలాంటి చిన్న ఊళ్ళకి చేరేవి. తెగినచోటల్లా కత్తిరించి అతికించింది మా బాపే మరి. అక్కడ పోయిన రెండేసి సెకన్లు అన్నీ కలిపితే ఒక పాట.

ఇక్కడ కాస్త ప్రపంచం సంగతి. సోనీ వాడు బేటామ్యాక్స్ తెచ్చింది 1975లో, జేవీసీ వాడి వీహెచ్ఎస్ 1976లో. ఆ ఏడే యూనివర్సల్, డిస్నీ కలిసి సోనీ మీద కేసు వేశాయి. 1977లో ఆండ్రే బ్లే అనే ఆయన ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ దగ్గర 50 సినిమాల హక్కులు తీసుకుని క్యాసెట్లుగా అమ్మడం మొదలెట్టాడు. ఒక్కోటి దాదాపు 50 డాలర్లు. అంత పెట్టి ఎవడు కొంటాడు? అందుకే అదే ఏడు లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ ఆట్కిన్సన్ అనే ఆయన వాటిని కొని అద్దెకివ్వడం మొదలెట్టాడు. అంటే మా చిన్నమ్మ చేసిన వ్యాపారమే! (ఆయనవి అసలు క్యాసెట్లు, మా చిన్నమ్మవి కాపీకి కాపీ. అదొక్కటే తేడా, కానీ అదే పెద్ద తేడా.)

హాలీవుడ్ పెద్దమనుషులు అప్పట్లో చేసిన గోల అంతా ఇంతా కాదు. నిర్మాతల సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి 1982లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు వీసీఆర్‌ని ఏకంగా ఒంటరి ఆడవాళ్ళని చంపిన బోస్టన్ హంతకుడితో పోల్చాడు. 1984 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో, ఇంట్లో టీవీ కార్యక్రమం రికార్డు చేసుకుని తర్వాత చూసుకోవడం తప్పు కాదంది. సరే, ఓడిపోయారు. ఓడిపోయి ఏం చేశారు? అమ్మడం నేర్చుకున్నారు. 1987లో టాప్ గన్ క్యాసెట్టు 26.95 డాలర్లకి దించారు. 1980ల చివరికల్లా వాళ్ళకి హాళ్ళ కంటే క్యాసెట్ల మీదే ఎక్కువ ఆదాయం. హంతకుడు అనుకున్నవాడే ఇంటికి అన్నం పెట్టాడు.

మరి మనవాళ్ళు? 1982 ఏషియాడ్‌తో రంగుల టీవీ వచ్చింది, వెనకే వీసీఆర్లు. 1984లో కాపీరైటు చట్టం సవరించి వీడియో సినిమాలని అందులోకి తెచ్చారు. క్యాసెట్టు మీద సెన్సారు సర్టిఫికెట్టు కాపీ, తయారు చేసినవాళ్ళ పేరు, చిరునామా ఉండాలన్నారు. దొంగ కాపీలకి 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. చట్టం బాగానే ఉంది. కానీ 1985లో ఆర్మూరు బస్టాండు దగ్గర నిలబడి "నాకు చట్టప్రకారం ఒక తెలుగు సినిమా క్యాసెట్టు కావాలి" అంటే ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. మా ఊళ్ళో శిక్ష దొరికేది గానీ సరుకు దొరికేది కాదు. విదేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం హక్కులు అమ్మితే అక్కడ తయారైన క్యాసెట్టే గల్ఫ్ నుంచి సూట్‌కేసులో మా ఊరొచ్చేది, కింద నగల షాపు యాడ్ పాకుతూ ఉండగా.

నేను చెప్పదల్చుకున్నది ఇదీ. పైరసీ దొంగతనమే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ తలుపు మూసేసి కిటికీలోంచి వచ్చినవాణ్ణి మాత్రమే తిడితే సమస్య తీరదు. తలుపు తీస్తే ఏమవుతుందో ఆలస్యంగా అయినా మనకీ తెలిసింది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాడు 28 రూపాయలకి అసలు వీసీడీ అమ్మితే, అంతకుముందు దొంగ డిస్కులు కొన్నవాళ్ళే క్యూ కట్టారు. నేనూ పంజాగుట్టలో సంచీ నిండా కొన్నాను. ఆ కంపెనీ తర్వాత మునిగిపోయింది, అది వేరే కథ. కానీ మనవాడు చవగ్గా, సులువుగా దొరికితే డబ్బులిచ్చే కొంటాడని తేలింది కదా? అదే పని ఇరవయ్యేళ్ళ ముందు క్యాసెట్టుతో చేసి ఉంటే?

ఈ మాట అంటున్న నేనేమీ పతివ్రతని కాదు. నా ఉద్యోగమే వీడియో స్ట్రీమింగులో. "ఈ వీడియో మీ ప్రాంతంలో లభ్యం కాదు" అని వస్తే తిట్టుకుంటారే, అలాంటి మాటల వెనకుండే కోడు రాసే పాపంలో నాకూ వాటా ఉంది. 1990ల చివర్లో వైటూకే పేరు చెప్పి అమెరికా వెళ్ళినవాళ్ళకి ఇంకోటి గుర్తుండాలి. ఇండియన్ కిరాణా షాపులో పప్పుల పక్కన అద్దెకి దొరికే తెలుగు క్యాసెట్టుని ఇండియాకి తెస్తే మన వీసీఆర్‌లో ఆడదు, ఎందుకంటే ఇక్కడిది పాల్, అక్కడిది ఎన్‌టీఎస్‌సీ. అప్పుడది సాంకేతిక సమస్య. ఇప్పుడు అదే గోడని మనం కావాలని, జీతం తీసుకుని కడుతున్నాం.

అలాగని రెండో పార్టీకి కూడా ఒక మాట. "నిర్మాతలకి కోట్లున్నాయి, మనం ఫ్రీగా చూస్తే వాళ్ళకేం పోతుంది" అంటారు. నిర్మాతకి ఏం పోయిందో నాకు తెలీదు గానీ, మా బాపుకి ఏం పోయిందో తెలుసు. 1990ల్లో టాకీసు మూసేశారు. వీడియో ఒక్కటే కారణం కాదు, కేబుల్ టీవీ కూడా వచ్చింది. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు. యాభై ఏళ్ళ వయసులో బాపు పసుపు గోదాములో లెక్కలు రాయడానికి కుదిరాడు. చెట్టెక్కి ఫ్రీగా సినిమా చూసిన నా స్కూలు ఫీజు కట్టింది సెకండ్ షో టికెట్లే అని నాకప్పుడు తట్టలేదు. తట్టినా చెట్టు దిగేవాణ్ణా? ఏమో.

సరే, ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ ఫిబ్రవరిలో ఊరెళ్ళాను. ఊరంతా పసుపు ఉడికిన వాసన. బాపు పోయి పధ్నాలుగేళ్ళు. ఇల్లు సున్నాలు వేయిద్దామని అటక దించుతుంటే ఒక రేకు పెట్టె నిండా క్యాసెట్లు. చిన్నబాపువి అనుకున్నా. తీరా చూస్తే ప్రతి దాని మీదా బాపు చేతిరాత. సినిమా పేరు, దాని కింద "14 రీళ్ళు, 21 రోజులు" అని ఇలాంటి లెక్కలు. జన్మలో వీసీఆర్ ముందు కూర్చోని మనిషి రాత వీటి మీద ఎందుకుంది?

అమ్మనడిగితే చెప్పింది. "టాకీసు బందయినంక మీ బాపు ఒక్కొక్కటి జమ చేసిండు బిడ్డా. తను నడిపిన బొమ్మలేనట. డబ్బాలు వాపసు పంపుతరు గదా, మల్ల కండ్లవడయి, గిదొక్కటే మిగుల్తది అనెటోడు. సూసుడు మాత్రం ఎన్నడు సూడలే."

అప్పుడు నాకు అర్థమైంది. ప్రింటు డిస్ట్రిబ్యూటరుకి తిరిగి వెళ్ళేది, అరిగిపోయాక ఏమయ్యేదో ఎవరికీ పట్టదు. మాయాబజార్ లాంటి వాటికి 2010లో రంగులద్ది హాళ్ళకి తెచ్చారు. మూడు వారాలాడి పోయిన మామూలు సినిమాకి ఆ భాగ్యమెక్కడిది? దాన్ని తీసినవాళ్ళు దాచలేదు. దొంగ అనిపించుకున్న క్యాసెట్టు దాచింది. అది దొంగదని తిట్టిన మనిషే దాచిపెట్టాడు.

హైదరాబాదు తెచ్చి ఒకచోట డిజిటల్లోకి మార్పించడానికి ఇచ్చాను. 31 క్యాసెట్లలో 19 ఆడాయి. మిగతావాటికి బూజు పట్టి టేపు అతుక్కుపోయింది. ప్రపంచంలో చివరిగా వీసీఆర్లు చేసిన ఫునాయ్ కంపెనీ 2016లోనే ఆపేసింది. అంటే ఆడించే యంత్రాలు కూడా రోజురోజుకీ తగ్గిపోతున్నాయి.

కాబట్టి క్యాంటీన్ మిత్రులారా, మీరిద్దరూ సగం సగం కరెక్టు. దొంగని పట్టుకోండి, తప్పులేదు. కానీ పట్టుకున్న రోజే, మా ఊరివాడు ఎంతకి, ఎప్పుడు, ఎక్కడ చూడొచ్చో కూడా చెప్పండి. ఇక మీ ఇంట్లో అటక మీద క్యాసెట్లుంటే, పెళ్ళివైనా సినిమావైనా, ఈ వేసవి సెలవుల్లోనే దించండి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటే నాకు పోయిన 12 లాగే మీవీ పోతాయి.