మైల అన్నదీ వాళ్లే, శుద్ధి అన్నదీ వాళ్లే!

నీళ్ల రాజకీయం మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. బావికి దూరంగా నిలబడి, దోసిలి పట్టి, ఎవరైనా పైనుంచి పోస్తారా అని ఎదురుచూసిన అమ్మమ్మల, తాతల బిడ్డలం మనం. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ జనంతో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. పశువులు తాగితే మైలపడని చెరువు మనుషులు తాగితే మైలపడిందట! 108 కడవల్లో పేడ, పంచితం, పాలు, పెరుగు కలిపి చెరువులో పోశారు, మంత్రాలు చదివారు, 'శుద్ధి అయింది' అన్నారు. తాగే నీళ్లలో పేడ కలిపి దానికి శుద్ధి అని పేరు పెట్టారు.

అందుకే 'నీళ్లు శుద్ధి చేశాం' అని ఏ పెద్దమనిషి సెలవిచ్చినా మన నోట ముందుగా వచ్చే మాట ఒకటే: ఎవర్ని అడిగి?

ఇప్పుడు అదే మాట జపాన్ దేశంలో, ఫుకుషిమా తీరాన చేపలు పట్టుకుని బతికే జనం అడుగుతున్నారు. జపాన్ సంగతి మన వాడకెందుకు అని కొందరు అనుకోవచ్చు. చివరిదాకా చదవండి. ఆ ఒడ్డు నుంచి మన శ్రీకాకుళం ఒడ్డుకి ఎంతో దూరం లేదు.

జరిగింది ఇది. 2011 మార్చి 11న పెద్ద భూకంపం, ఆ వెనకే సునామీ వచ్చి ఫుకుషిమా దైయిచి అణు విద్యుత్ కేంద్రాన్ని ముంచేశాయి. కరెంటు పోయింది. చల్లబరిచే పంపులు ఆగిపోయాయి. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగి ముద్దయిపోయింది. ఆ ముద్ద మీద నేటికీ నీళ్లు పోస్తూనే ఉండాలి. వాన నీరు, భూమిలో ఊరే నీరు వచ్చి అందులోనే కలుస్తాయి. ముద్దను తాకిన నీళ్లకి అణుధార్మిక విషం అంటుకుంటుంది. ఆ నీళ్లను తోడి, 'ఆల్ప్స్' అనే వడపోత యంత్రాల్లోంచి పంపి, వెయ్యికి పైగా ట్యాంకుల్లో నిలవ చేస్తూ వచ్చారు. అవి 13 లక్షల టన్నులు దాటాయి. ఇక జాగా లేదన్నారు. 2021 ఏప్రిల్ 13న జపాన్ ప్రభుత్వం ఆ నీళ్లను సముద్రంలోకి వదలాలని నిర్ణయించింది. సముద్రం అడుగున కిలోమీటరు పొడవున సొరంగం తవ్వి 2023 ఆగస్టు 24న వదలడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి విడతలు విడతలుగా సాగుతోంది. దాదాపు 30 ఏళ్లు సాగుతుందని వాళ్ల లెక్క.

సర్కారు వారి వాదన దాచకుండా చెప్పుకుందాం. ఆ యంత్రం 62 రకాల అణుధార్మిక పదార్థాలను హద్దు లోపలికి తగ్గిస్తుందంటారు. ట్రిటియం ఒక్కటి మాత్రం దానికి లొంగదు. ట్రిటియం అంటే ఒక రకం హైడ్రోజన్. అది నీళ్లలో కలిసే పదార్థం కాదు, తానే నీళ్లయిపోతుంది. నీళ్లలోంచి నీళ్లను ఎలా వడకడతాం? అందుకని సముద్రపు నీళ్లు వంద రెట్లకు పైగా కలిపి పల్చన చేసి, లీటరుకు 1,500 బెక్వెరెళ్ల లోపు ఉండేటట్టు వదులుతున్నారు. తాగే నీళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 10,000. ఏడాది మొత్తానికి 22 లక్షల కోట్ల బెక్వెరెళ్లు దాటనివ్వం అంటున్నారు. 2023 జూలై 4న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా, ఈ పద్ధతి తమ భద్రతా ప్రమాణాలకు తగినట్టే ఉందని, మనుషుల మీద, సముద్రం మీద పడే ప్రభావం లెక్కలోకి రానంత తక్కువని చెప్పింది.

ఈ లెక్కలు అబద్ధమని మేము అనడం లేదు. 'ఆ సముద్రం చేప తింటే చస్తారు' అని కరపత్రం వేస్తే జనం భయపడతారు, నాలుగు రోజులు మన మాట వింటారు. కానీ బాబాసాహెబ్ వారసులం అబద్ధం మీద ఉద్యమం కట్టకూడదు. 2023 ఆగస్టులో జపాన్ చేపలన్నిటినీ ఆపేసిన చైనా సంగతి కూడా అంతే. ఫుకుషిమా ఏడాది హద్దు కంటే ఎక్కువ ట్రిటియం వదిలే అణు కేంద్రాలు చైనా తీరంలోనే ఉన్నాయి. దొరకీ దొరకీ తగువులో ఏ దొరా జాలరి పక్షం కాదు.

మరి గొడవెక్కడ? ఇచ్చిన మాట దగ్గర!

2015లో జపాన్ ప్రభుత్వమూ, టెప్కో కంపెనీ ఫుకుషిమా జాలరుల సహకార సంఘాలకు రాతపూర్వకంగా ఒక మాట ఇచ్చాయి. సంబంధించిన వారి అవగాహన లేకుండా ఆ నీళ్లను ఏమీ చేయబోమన్నారు. 2018లో ఏం బయటపడింది? అంతవరకు 'ట్రిటియం తప్ప మిగతావి తీసేశాం' అని చెప్పుకున్న నీళ్లలో ముప్పాతిక పైగా, ట్రిటియం కాని వేరే విషాలు కూడా హద్దు మీరి ఉన్నాయని కంపెనీయే ఒప్పుకోవాల్సి వచ్చింది. మళ్లీ వడగట్టి వదులుతాం అన్నారు, సరే. ముందే ఎందుకు చెప్పలేదు? ఇక 2023 ఆగస్టు 21న ప్రధాని కిషిదా జాలరుల జాతీయ సంఘం పెద్దల్ని పిలిచి మాట్లాడారు. మేం వ్యతిరేకమే, మా మాట మారలేదని వాళ్లు మొహం మీదే చెప్పారు. మర్నాడే తేదీ ప్రకటించేశారు. దీన్నేనా సమ్మతి అనేది? మన ఊళ్లో అభిప్రాయ సేకరణ సభ ఎలా జరుగుతుందో చూసినవాళ్లకి వేరే చెప్పాలా? పోలీసులు ముందు వరసలో, కంపెనీ మనుషులు రెండో వరసలో, భూమి పోయేవాడు పందిరి బయట.

వేరే దారులు లేకనా? ఇంకా పెద్ద ట్యాంకులు కట్టి ఉంచండి, సిమెంటుతో కలిపి గట్టిపరచండి అని ఆ దేశపు పౌర సంఘాలే చెప్పాయి. ట్రిటియం పన్నెండేళ్ల చిల్లరకు సగమవుతుంది. నిలవ ఉంచిన కొద్దీ తగ్గుతుంది. కానీ 2016లో సర్కారు కమిటీ వేసిన ఖర్చు లెక్కలో సముద్రమే అన్నిటికంటే చవకగా తేలింది. సముద్రానికి పట్టా లేదు కదా! పట్టా లేని చోటే ఎప్పుడూ చెత్త పడుతుంది. ఊరి చెత్త మన వాడ పక్కనే ఎందుకు పడుతుందో తెలిసినవాళ్లకి ఈ లెక్క విప్పి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి జాగర్తగా వినండి, అన్నలారా, అక్కలారా. ఫుకుషిమా జాలరి నోరు రెండు వైపులా కట్టేశారు. 'ఈ నీళ్లు చెడ్డవి' అని అరిస్తే అతని చేప ఎవరూ కొనరు. 'మంచివే' అంటే సముద్రాన్ని అప్పజెప్పినట్టు. ప్రమాదం తర్వాత పదేళ్లు పరీక్షల పేరిట కొద్దికొద్దిగా వల వేసుకుంటూ వచ్చి, 2021 మార్చితో ఆ దశ ముగించి, ఇక మామూలుగా వేటకి పోదామనుకుంటుంటే ఏప్రిల్‌లోనే ఈ నిర్ణయం వచ్చిపడింది. చేపలు అమ్ముడుపోకపోతే ఆదుకుంటామని సర్కారు వేల కోట్ల యెన్‌లతో నిధులు పెట్టింది. జాలరి అడిగింది పరిహారం కాదు, తన పని తనని చేసుకోనివ్వమని.

ఇంకో సంగతి మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. ఫుకుషిమా నుంచి వేరే ఊరికి వలసపోయిన పిల్లవాణ్ణి బడిలో తోటిపిల్లలు 'క్రిమి' అని పిలిచి ఏడిపించిన సంగతి 2016లో జపాన్ అంతా చర్చ అయింది. బడిలో అంటు అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? జపాన్‌కీ అది కొత్త కాదు. చర్మాల పని, కబేళా పని చేసినవాళ్లని 'బురాకు' జనమని ఆ దేశం వెలివేసింది. 1871లో కాగితం మీద రద్దు చేసినా వివక్ష పోకపోతే, 1922లో వాళ్లు 'సుయిహెయిషా' అని సొంత సంఘం పెట్టుకుని పోరాడారు. అందుకే మన మాట రెండంచుల్లా ఉండాలి. కంపెనీని నిలదీయాలి. కానీ ఫుకుషిమా మనిషినీ, ఫుకుషిమా చేపనీ 'మైల' అని తోసేసే మూకలో మనం కలవకూడదు. విషాన్ని కొలవొచ్చు. మైలకు కొలత లేదు, అది కులం బుర్రలో పుట్టింది.

సరే, ఈ శుద్ధి చేసే చేతులు ఎవరివి? 2023 అక్టోబరు 25న ఆల్ప్స్ యంత్రం గొట్టాలు కడుగుతుంటే రబ్బరు గొట్టం ఊడి అణుధార్మిక నీళ్లు కూలీల మీద చిమ్మాయి. ఇద్దర్ని ఆసుపత్రికి చేర్చారు. వాళ్లు టెప్కో ఉద్యోగులు కారు, కాంట్రాక్టు కింద కాంట్రాక్టులో పనిచేసేవాళ్లు. జపాన్ అణు కేంద్రాల్లో మురికి పని ఏనాటి నుంచో ఇలా అడ్డా కూలీలతో, రోజు కూలీలతో, వలస వచ్చిన బీదాళ్లతో నడుస్తోంది. కరెంటు వెలిగింది టోక్యోలో. గొట్టం కడిగింది ఊరూ పేరూ తెలియని కూలీ. సెప్టిక్ ట్యాంకులో దిగి చచ్చిపోయే మన తమ్ముడికీ అతనికీ తేడా ఏముంది? 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేసినా మన తమ్ముళ్లు ఆ గుంటల్లోంచి బయటికి రాలేదు.

పైగా ఈ శుద్ధికి అంతెక్కడ? కరిగిన ఇంధనం ముద్ద 880 టన్నులని అంచనా. 2024 నవంబరులో మొదటిసారి అందులోంచి ఒక ముక్క బయటికి తీశారు. ఎంతో తెలుసా? ఒక గ్రాము కూడా లేదు! ముద్ద అక్కడున్నంత కాలం నీళ్లు వస్తూనే ఉంటాయి.

పసిఫిక్ దీవుల వాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారంటే దానికీ చరిత్ర ఉంది. 1946 నుంచి 1958 దాకా అమెరికా మార్షల్ దీవుల్లో 67 అణు పేలుళ్లు జరిపింది. రోంగెలాప్ దీవి జనాన్ని 1957లో 'ఇక భయం లేదు, పోయి బతకండి' అని తిరిగి పంపారు. 1985లో జనమే దీవి వదిలి వెళ్లాల్సి వచ్చింది. 'భయం లేదు' అనే మాటకి అక్కడ ఆ విలువే ఉంది. జపాన్ సంగతి కూడా చూడండి. 1993 అక్టోబరులో రష్యా ఓడ అణు వ్యర్థపు నీళ్లు సముద్రంలో పారబోస్తే జపాన్ భగ్గుమంది. ఆ ఏడే ఓడల మీంచి అణు వ్యర్థాలు పారబోయడాన్ని ప్రపంచ దేశాలు నిషేధించాయి. ఇప్పుడేమంటున్నారు? ఓడ మీంచి పోస్తేనే పారబోత, ఒడ్డు నుంచి గొట్టం పెట్టి వదిలితే కాదట!

ఇక మన ఒడ్డుకి వద్దాం. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీ నమూనాతో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు కట్టాలని ప్రతిపాదన. అక్కడ ఊళ్లున్నాయి, పడవలున్నాయి, వలలున్నాయి. యంత్రం లోపం వల్ల ప్రమాదం జరిగితే అమ్మిన కంపెనీ నుంచి వసూలు చేసే వీలు 2010 నాటి పరిహార చట్టంలో కొంత ఉండేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్ని తీసేసి, ఆ వీలుకు కోత పెట్టి, ప్రైవేటు కంపెనీలకు అణు విద్యుత్ తలుపులు తెరిచింది. కొత్త చట్టం పేరు 'శాంతి'! ఎవరికి శాంతి? అమ్మేవాడికి.

ప్రమాదమే జరగాలని లేదు. ఏ అణు కేంద్రమైనా రోజూ కొంత వ్యర్థం వదులుతుంది. దాన్ని ఎక్కడ కొలుస్తారు, ఎవరికి చూపిస్తారు అన్నదే అసలు ప్రశ్న. కనుక కొవ్వాడ చుట్టుపక్కలే కాదు, మందుల కంపెనీ గొట్టం సముద్రంలోకి దిగిన ప్రతి తీరం ఊళ్లోనూ గ్రామసభలో లేచి ఈ ప్రశ్నలు అడగండి. జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి.

ఒకటి: గొట్టం లోంచి ఏమేం వస్తాయి? పేరు పేరునా తెలుగులో రాసి పంచాయతీ గోడకి అంటించండి.

రెండు: కొలిచేది ఎవరు? కంపెనీ కొలిచి కంపెనీయే సర్టిఫికెట్ ఇస్తే చెల్లదు. జాలరుల సంఘం మనిషి, వాడ మనిషి పక్కన ఉండాలి. వాళ్లకి నచ్చిన చోట ఇంకోసారి పరీక్ష చేయించుకునే హక్కు ఉండాలి.

మూడు: గొట్టం కడిగేది ఎవరు? ఏ కూలికి, ఏ రక్షణతో, ఏ బీమాతో? పేర్లు చెప్పండి.

నాలుగు: మేం వద్దంటే ఆగుతుందా? ఆగకపోతే మమ్మల్ని పిలిచిందెందుకు?

దళితవాడ, జాలరిపేట ఇన్నాళ్లు వేరు వేరుగా నిలబడ్డాయి. ఒకరికి చెరువు కాదన్నారు, ఇంకొకరి సముద్రం లాక్కుంటున్నారు. ఇకనైనా ఒకే పందిరి కింద కూర్చోవాలి. మేము చదువుకి, శాస్త్రానికి వ్యతిరేకం కాదు. చదువే మనల్ని ఇక్కడిదాకా తెచ్చింది. కొలిచే యంత్రాన్ని పగలగొట్టమని మేం చెప్పడం లేదు. దాని ముల్లు ఎటు తిరిగిందో మన కళ్లతో చూసే హక్కు కావాలంటున్నాం.

మహద్‌లో శుభ్రమైన నీళ్లను మైల అన్నారు. ఫుకుషిమాలో విషం తాకిన నీళ్లను శుద్ధి అన్నారు. రెండు చోట్లా లెక్క వేరు కావచ్చు, తేల్చిన చేతులు మాత్రం ఒకే రకంవి. ఆ నీళ్లతో బతికేవాణ్ణి ఒక్క చోటా అడగలేదు. అడగనిదే గొట్టం దిగడానికి వీల్లేదు!

జై భీమ్!