పూర్తయిన నలభై సెకన్లు

బొమ్మను కదిలించాలన్న కోరిక మనకు కొత్తది కాదు. చేతులను, కాళ్లను విడివిడిగా కోసి, కీళ్ల వద్ద దారంతో కూర్చి, తెర వెనుక నుండి తోలుబొమ్మలను ఆడించిన కళాకారులు మన పల్లెలలో తరతరాలుగా ఉన్నారు. బొమ్మను చేసేవారు, ఆడించేవారు, పాడేవారు, మద్దెల వాయించేవారు కలిస్తేనే ఆ ఆట. నేడు కంప్యూటరుపై త్రిమితీయ బొమ్మలను మలచి, యానిమేషన్‌తో వాటికి కదలికను కల్పించే విద్యార్థులకు కూడా అటువంటి జట్టు అవసరం. కాని ఆ జట్లు ఉత్సాహంగా మొదలుపెట్టిన చిత్రాలలో అనేకం మధ్యలోనే ఆగిపోతున్నాయి. ఇందుకు ప్రతిభ లోపమే కారణమని నేను భావించను. చిత్రం నిడివిని లెక్క వేయకుండా నిర్ణయించుకోవడమే అసలు కారణం.

నేను దగ్గరగా చూసిన ఒక జట్టులో నలుగురు విద్యార్థులున్నారు. గోదావరిపై పడవ నడిపే ఒక వృద్ధుని కథను ఐదు నిమిషాల చిత్రంగా తీయాలని వారు సంకల్పించారు. సెకనుకు 24 ఫ్రేముల వంతున ఐదు నిమిషాలకు 7,200 ఫ్రేములు కావాలి. వెలుగునీడలను గణించి ఒక్కొక్క ఫ్రేమును తుది చిత్రంగా మార్చే పనిని రెండరింగ్ అంటారు. వారి కంప్యూటరుకు ఒక్క ఫ్రేముకు పది నిమిషాలు పట్టింది. అంటే మొత్తం 1,200 గంటలు; ఒకే యంత్రం రాత్రింబవళ్లు పనిచేసినా యాభై రోజులు! గడువు నెల రోజులుండగా గాని ఈ లెక్క ఎవరికీ తోచలేదు.

అప్పటికే మరొక చిక్కు వచ్చిపడింది. బొమ్మ శరీరంలో ఎముకలను, కీళ్లను అమర్చే పనిని రిగ్గింగ్ అంటారు. వృద్ధుని రూపాన్ని మలచిన విద్యార్థి మోచేతి వద్ద తగినన్ని గీతలను ఉంచలేదు. బొమ్మ నిలబడి ఉన్నంతసేపు లోపం కనబడలేదు. తెడ్డు వేయడానికి చేయి వంచగానే మోచేయి తడిసిన అట్టపెట్టెలా నలిగిపోయింది. నింద మాత్రం కీళ్లను అమర్చినవానిపై పడింది. ఈ కళలో ఒకరి అశ్రద్ధ మరొకరి పనిలో బయటపడుతుంది. జట్లు విడిపోవడానికి అహంకారం కంటె ఇదే పెద్ద కారణమని నా అనుభవం.

చివరకు వారు కథను నలభై సెకన్లకు కుదించారు. పడవ నీటిలో లేదు, ఇసుకతిన్నెపై ఉంది. వృద్ధుడు తెగిన తాడును ముడివేస్తాడు, నది వైపు చూస్తాడు. అంతే. 960 ఫ్రేములను నాలుగు కంప్యూటర్లకు పంచితే నలభై గంటలలో పని ముగిసింది.

విద్యార్థులు పెద్ద కలలు కనవద్దా అని కొందరు అధ్యాపకులు ప్రశ్నిస్తారు. కనవచ్చు. అయితే 1972లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్మల్ అనే విద్యార్థి, సహాధ్యాయి ఫ్రెడ్ పార్క్ తోడ్పాటుతో చేసిన పనిని గుర్తుచేసుకోవాలి. కాట్మల్ తన ఎడమ చేతికి అచ్చు తీసి, ఆ నమూనాపై చిన్న చిన్న బహుభుజులను గీసి, వాటి కొలతలను కంప్యూటరుకు అందించి, తెరపై ఒక చేతిని కదిలించాడు. అతడు తలపెట్టింది చేయి. పూర్తి చేసింది చేయి. ఆ చిత్రాన్ని 2011లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. అతడు సహవ్యవస్థాపకుడుగా ఉన్న పిక్సార్ సంస్థ నుండి, పూర్తిగా కంప్యూటరుతో రూపొందిన తొలి పూర్తినిడివి చిత్రం 'టాయ్ స్టోరీ' 1995లో వెలువడింది. నడుమ గడిచినవి 23 సంవత్సరాలు.

కథను కుదించడం సరైనదే. దానివల్ల కలిగే నష్టం మాత్రం అందరికీ సమానంగా ఉండదు. మన గోదావరి జట్టులో ఒక విద్యార్థిని మూడు వారాల పాటు నీటి అలలనే రూపొందించింది. కథలో నుండి నీరు పోగానే ఆమె శ్రమ అంతా పోయింది. ఆమె రెండు రోజులు రాలేదు. తిరిగి వచ్చి, ఎవరూ కోరని ఒక పనిని చేపట్టింది: ప్రతి సాయంత్రం ఫైళ్లన్నింటికీ తేదీ వేసి, నకలు తీసి, వేరొకచోట భద్రపరచడం. ఇది చిన్న పని కాదు. 'టాయ్ స్టోరీ 2' నిర్మాణ సమయంలో, 1998లో, పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశం వల్ల చిత్రంలో చాలా భాగం చెరిగిపోయింది. సంస్థలోని నకళ్లు కూడా పనిచేయలేదు. గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక దర్శకురాలు తన ఇంటి కంప్యూటరులో ఉంచుకున్న ప్రతియే వారిని ఆదుకుంది.

చిత్రం చివర వేసే పేర్ల పట్టిక గురించి ఈ నలుగురి మధ్య వాదం జరిగింది. తెరపై కనిపించని పనికి పేరెందుకని ఒకడు అన్నాడు. కనిపించినా, తొలగించినా, జట్టు కోసం చేసిన పని పట్టికలో ఉండవలసిందేనని నేను ఖండితంగా చెప్పాను. మోచేతి గొడవలో నిందపడినవాడే ముందుగా నా మాటను సమర్థించాడు. నాలుగు పేర్లలో ఆమె పేరు మూడవది; దాని ఎదురుగా 'నీరు, ఫైళ్ల భద్రత' అని వ్రాశారు. ప్రదర్శన ముగిసిన తరువాత ముందు వరుసలోని ఒక పెద్దమనిషి, "ఇందులో నీరెక్కడుందమ్మా?" అని అడిగాడు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వారు.