లోడు మాలిక్, డ్రైవర్ నౌకర్



పోయిన ఆదివారం మా ఆపా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక దుల్హాభాయ్ నన్ను బయటికి పిలుచుకుపోయి కొత్తగా కొన్న ట్రావెల్ ట్రైలర్ చూపించారు. మాషాఅల్లాహ్, బాగుంది. లోపల పొయ్యి, ఫ్రిజ్, గుస్ల్‌ఖానా, ఆరుగురికి పడకలు. వచ్చే నెల సెలవుల్లో డల్లాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా సఫర్ పెట్టుకున్నారు. ఆదోని నుంచి వచ్చిన మా అమ్మీ కూడా వాళ్ల బండిలోనే వెళ్తోంది.

"ఎంత స్పీడులో పోదామనుకుంటున్నారు?" అని అడిగాను.

"రోడ్డు మీద 75 బోర్డు ఉంటే 75లో పోతాం. నా ట్రక్కుకి తాకత్ ఉంది. వెనక ట్రైలర్ ఉన్నట్టే తెలీదు" అన్నారు నవ్వుతూ.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు రాత్రిళ్లు నిద్ర సరిగ్గా లేదు. ఎందుకంటే మూడేళ్ల కింద ఇదే మాట నేనూ అన్నాను. ఆయన నాకంటే పెద్ద. అందరి ముందూ నసీహత్ చెబితే బాగుండదు. అందుకే ఆయన ఇజాజత్ తీసుకుని ఇక్కడ రాస్తున్నాను. ట్రైలర్ కొన్న, కొనాలనుకుంటున్న మన కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. వాళ్లకూ పనికొస్తుంది.

ముందుగా నా రాయ్ చెప్పేస్తాను. వెనక ట్రైలర్ కట్టుకున్న రోజు, బోర్డు మీద ఎంత రాసి ఉన్నా సరే, మన స్పీడు గంటకు 60 నుంచి 63 మైళ్లు. అంతకు మించి వద్దు. భయంతో చెబుతున్న మాట కాదిది, హిసాబ్ చేసి చెబుతున్నాను.

ఇక నా కథ. కార్ల్స్‌బాడ్ గుహలు చూద్దామని పిల్లలతో బయలుదేరాం. ఇరవై హైవే మీద ఆబిలీన్ దాటాక స్వీట్‌వాటర్ దగ్గర రోడ్డుకి రెండు వైపులా గాలిమరలే. అన్ని గాలిమరలు అక్కడ ఎందుకు పెట్టారో ఆలోచించే అఖల్ ఆ రోజు నాకు లేకపోయింది. నేను 74లో ఉన్నాను. మా బేగం రెండుసార్లు అంది, "ఏజీ, జరా ఆహిస్తా." రెండోసారికి నేను పిల్లల ముందే కసిరాను. "నీకేం తెలుసు? అందరూ మనల్ని దాటుకుపోతున్నారు, కనబడట్లేదా?" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పది నిమిషాలు కాలేదు. రోడ్డు కొంచెం పల్లానికి దిగుతోంది. ఎడమవైపు నుంచి పెద్ద లారీ ఒకటి దాటింది. అది ముందుకి తోసుకొచ్చే గాలి మొదట ట్రైలర్‌ని పక్కకి నెట్టింది, దాటేటప్పుడు తనవైపు లాక్కుంది. అంతే, వెనక ట్రైలర్ పాము తోకలా ఊగడం మొదలుపెట్టింది. ఒక ఊపు కంటే తర్వాతి ఊపు పెద్దది. ట్రక్కు వెనక భాగాన్ని కూడా అటూ ఇటూ ఈడ్చేస్తోంది. నేను చేయకూడని పనే చేశాను, బ్రేకు తొక్కాను. ఊపు ఇంకా పెరిగింది. స్టీరింగ్‌ని దాని వెంట తిప్పబోయాను, ఇంకా చెడింది. చివరికి, ట్రైలర్ అమ్మినాయన చూపించిన చిన్న మీట గుర్తొచ్చింది. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించే మీట అది. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, ఆ మీట నొక్కాను. ట్రైలర్ వెనక్కి లాగి పట్టినట్టయి సర్దుకుంది. మొత్తం పది సెకన్లు కూడా పట్టి ఉండదు.

పక్కకి ఆపి దిగితే నా కాళ్లు నిలబడట్లేదు. బేగం ఒక్క మాట అనలేదు. చిన్నోడు మాత్రం "అబ్బూ, ఘర్ చలేంగే?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ రోజు అక్కడే నాకు మా అబ్బా యాదొచ్చారు. అబ్బా ఆదోని పత్తి బేళ్ల లారీ తోలేవారు. పత్తి లోడు ఎత్తుగా ఉంటుంది, గాలి పట్టేస్తుంది. ఖాళీ రోడ్డు మీద కూడా ఆయన స్పీడు పెంచేవారు కాదు. చిన్నప్పుడు పక్కన కూర్చుని, వెనక నుంచి బస్సులు దాటిపోతుంటే నాకు బేఇజ్జతీగా ఉండేది. "అబ్బా, తేజ్ చలావ్" అంటే నవ్వేవారు. "లోడు మాలిక్ హై బేటా, డ్రైవర్ నౌకర్. మాలిక్ ఎంత చెప్తే అంతే పోవాల" అనేవారు. అమెరికా వచ్చి, రెండు డిగ్రీలు చేసి, ఆ ఒక్క మాట మర్చిపోయాను.

ట్రావెల్ ట్రైలర్ అచ్చం ఆ పత్తి లారీయే. బరువు కంటే వెడల్పు, ఎత్తు ఎక్కువ. ముందు గోడ ఎనిమిది అడుగుల వెడల్పు, పదడుగుల పైచిలుకు ఎత్తు. ఆ గోడతో గాలిని చీల్చుకుంటూ పోవాలి. గాలి అడ్డు స్పీడుతో పాటు మామూలుగా పెరగదు, వర్గం లెక్కన పెరుగుతుంది. 60 నుంచి 75కి వెళ్తే స్పీడు పెరిగింది పాతిక శాతమే, గాలి అడ్డు మాత్రం 56 శాతం పెరుగుతుంది. ఆ అడ్డుని తోసుకుపోవడానికి ఇంజన్ పెట్టాల్సిన తాకత్ దాదాపు రెట్టింపు. ఆ తాకత్ అంతా పెట్రోలు ట్యాంకులోంచే కదా రావాలి. ఎదురుగాలి ఉంటే ఇంకా ఘోరం. 20 మైళ్ల ఎదురుగాలిలో 60లో పోతున్న బండికి గాలి తగిలేది 80 మైళ్ల స్పీడులో. అలాంటి రోజు 55కి దిగడమే అఖల్‌మందీ.

ఇప్పుడు జేబు హిసాబ్ చూద్దాం. నా బండి 70లో గ్యాలన్‌కి 8 మైళ్లు ఇచ్చింది, 62లో 10 ఇచ్చింది. 400 మైళ్ల సఫర్‌కి ఒక లెక్కలో 50 గ్యాలన్లు, ఇంకో లెక్కలో 40. గ్యాలన్ 3 డాలర్లు వేసుకున్నా 30 డాలర్లు మిగులుతాయి. రానూ పోనూ, మధ్యలో తిరుగుళ్లూ కలిపితే అది పిల్లల బూట్ల డబ్బు. తొందర కోసం తగలేస్తే అది ఇస్రాఫ్ కాక మరేంటి?

"టైం మిగులుతుంది కదా" అంటారు. అదీ చూద్దాం. 400 మైళ్లకి 70లో 5 గంటల 43 నిమిషాలు, 62లో 6 గంటల 27 నిమిషాలు. తేడా 44 నిమిషాలు. కానీ నా ట్యాంకు 26 గ్యాలన్లు. ఐదు గ్యాలన్లు ఎప్పుడూ మిగిలి ఉండాలనుకుంటే, 70లో పోతే 168 మైళ్లకే బంకు వెతకాలి, దారిలో రెండుసార్లు ఆగాలి. 62లో 210 మైళ్లు పోవచ్చు, ఒక్కసారి ఆగితే చాలు. ట్రైలర్ తిరిగేంత చోటున్న బంకు వెతికి, పెట్రోలు పోయించి, పిల్లల్ని దింపి ఎక్కించేసరికి 20 నిమిషాలు హాయిగా పోతాయి. అంటే చివరికి మిగిలేది పాతిక నిమిషాలలోపే. ఆ కాసేపటి కోసం అమ్మీని, పిల్లల్ని ఎంత ఖతరాలో పెడుతున్నామో చూసుకోవాలి.

టైర్ల సంగతి చాలామందికి తెలీదు. ట్రైలర్ టైర్లు కారు టైర్లు కావు. వాటి సైజుకి ముందు ఎస్‌టీ అని రెండక్షరాలు ఉంటాయి. వాటిలో చాలావాటిని ఏళ్ల తరబడి 65 మైళ్ల స్పీడుకే తయారు చేశారు. ఇప్పుడు కొన్నిటి మీద స్పీడు అక్షరం ఉంటోంది. జే అంటే 62, కే అంటే 68, ఎల్ అంటే 75, ఎం అంటే 81 మైళ్లు. దుల్హాభాయ్, ముందు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి ఆ అక్షరం చదవండి. పక్కనే నాలుగంకెల తారీఖు కూడా ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పైకి కొత్తగా కనిపించినా ఐదారేళ్లు దాటిన టైరు మీద భరోసా పెట్టుకోకూడదు. టైరుకి దుష్మన్ వేడి. స్పీడు, బరువు, తక్కువ గాలి, ఈ మూడూ ఎండాకాలం తారు రోడ్డు మీద కలిశాయంటే టైరు పేలుతుంది.

ఒక మాట ఈమాన్‌దారీగా ఒప్పుకోవాలి. నా తప్పు స్పీడు ఒక్కటే కాదు. ఇంటికొచ్చే దారిలో ట్రక్ స్టాపులో కాటా ఎక్కించాను. ట్రైలర్ మొత్తం 6,200 పౌండ్లు. అందులో ట్రక్కు కొక్కెం మీద పడుతున్నది 480 పౌండ్లే. పది నుంచి పదిహేను శాతం పడాలి, నాకు ఎనిమిది కూడా లేదు. ఎందుకంటే పిల్లల సైకిళ్లు వెనక బంపర్‌కి కట్టాను. నీళ్ల ట్యాంకు వెనక్కుంటే నిండా నింపాను. బియ్యం బస్తా, బిర్యానీ దేగ్ కూడా వెనకే పెట్టాను. వెనక బరువెక్కువైన ట్రైలర్ ఊగడానికి బహానా వెతుకుతుంటుంది. సైకిళ్లు ట్రక్కులోకి మార్చి, నీళ్లు తగ్గించి, సామాను ఇరుసులకి ముందుగా సర్దితే 780 పౌండ్లకి వచ్చింది.

అలాగైతే సామాను సర్దుకుని 75లో పోవచ్చు కదా అంటారేమో. పోకూడదు. ఎంత బాగా సర్దినా ప్రతి ట్రైలర్‌కీ ఒక హద్దు స్పీడు ఉంటుంది. దానికి కింద ఉన్నప్పుడు ఊపు వస్తే దానంతటదే తగ్గిపోతుంది. దాటితే పెరుగుతూ పోతుంది. బరువు సరిగ్గా సర్దడం, ఊపుని ఆపే కడ్డీలు పెట్టడం ఆ హద్దుని పైకి జరుపుతాయి, లేకుండా చేయవు. ఆ హద్దు ఎక్కడుందో ఏ బోర్డూ చెప్పదు. పిల్లల్ని కూర్చోబెట్టుకుని దాన్ని వెతకడం ఏం తజుర్బా?

ఇక ఎదుటివాళ్ల మాట. "75 రోడ్డు మీద 60లో పోతే వెనక నుంచి గుద్దుతారు, అదే ఎక్కువ ఖతరా" అని దుల్హాభాయ్ అన్నారు. ఇందులో నిజం లేకపోలేదు. 45లో పాకుతూ పోతే అది కూడా జులుమే. ఎక్కుడులో అంతకు దిగక తప్పకపోతే కుడి లైను పట్టుకుని నాలుగు ఇండికేటర్లూ వేయాలి. కానీ 60-63లో కుడి లైనులో పోయే పెద్ద లారీలు నాకు ప్రతి సఫర్‌లోనూ కనిపిస్తాయి. మనం వాటి వెనక దూరంగా పోతే చాలు. వెనకవాళ్లకి మనం చాలా ముందునుంచే కనబడతాం, దాటడానికి ఎడమ లైను ఉంది. మనం 75లో ఉండి ముందర ఏదైనా ఆగిపోతే మాత్రం ఆపాల్సిన వేగశక్తి 60లో కంటే 56 శాతం ఎక్కువ. వెనకవాడికి దాటే దారి ఉంది, మనకి ఆ ఘడియలో ఏ దారీ ఉండదు. పైగా కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి చట్టమే 55 అని గీత గీసింది. అంత బిజీ రోడ్ల మీద 55 చెల్లుతుంటే టెక్సాస్ ఖాళీ రోడ్ల మీద 62కి సిగ్గెందుకు?

అసలు మర్జ్ స్పీడు కాదేమో అనిపిస్తుంది నాకు. ఒకడు దాటిపోతే మన ఇజ్జత్ పోయిందనుకోవడం, పక్కన కూర్చున్న ఆడమనిషి నెమ్మది అంటే మన మర్దానగీకి తగిలిందనుకోవడం, ఇదీ మర్జ్. ఆ రోజు మా బేగం రోడ్డు చూసింది, గాలి చూసింది, నా చేతులు బిగుసుకుపోవడం చూసింది. నేను దాటిపోతున్న బళ్లను మాత్రమే చూశాను. ఆ రాత్రి గుహల దగ్గర క్యాంపులో పిల్లలు పడుకున్నాక మాఫీ అడిగాను. కానీ కసిరింది పిల్లల ముందు కదా. మర్నాడు నాష్తా దగ్గర పిల్లల ముందు మళ్లీ అడిగాను. అప్పటినుంచి మా బండిలో ఒక ఉసూల్ ఉంది. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు "ఆహిస్తా" అంటే, డ్రైవర్ ముందు ఐదు మైళ్లు తగ్గిస్తాడు. బహస్ ఏదైనా ఉంటే తర్వాత ఆగినచోట.

దుల్హాభాయ్, మీ ట్రక్కు తాకత్ మీద నాకు షక్ లేదు. లాగే తాకత్ వేరు, ఆపే తాకత్ వేరు, అదుపులో పెట్టే తాకత్ వేరు. బయలుదేరే ముందు శనివారం నేనొస్తాను. ఇద్దరం కలిసి కాటాకి పోదాం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూద్దాం, ఖాళీ మైదానంలో ఆ మీట నాలుగుసార్లు నొక్కి చూద్దాం. చాయ్ ఖర్చు నాది.

రోజుకి మరీ ఎక్కువ మైళ్లు పెట్టుకోకండి. ఆమరిల్లో, ఆల్బకర్కీ దగ్గర రాత్రి ఆగండి. జొహర్‌కి ఎలాగూ ఆగుతారు, అప్పుడే చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి. న్యూ మెక్సికోలో గాలి లేస్తే మొండికెయ్యకండి, ఎక్కడైనా ఆగి అమ్మీ చేతి చాయ్ తాగండి. గాలి తగ్గాక బయలుదేరొచ్చు. గ్రాండ్ కాన్యన్ ఎక్కడికీ పోదు.

ముందు సీట్లో అమ్మీని కూర్చోబెట్టండి. నలభై ఏళ్లు అబ్బా లారీ ఇంటికి ఎప్పుడొస్తుందా అని వాకిట్లో ఎదురుచూసిన మనిషి. స్పీడు ఎంతుండాలో ఆమె చెబుతుంది.

ఖుదా హాఫిజ్.