బ్రేకు బిగించడం వేరు, బాగు చేయడం వేరు



ఈసారి వరి గురించి కాదు, మన ఇళ్ల ముందున్న పాత కార్ల గురించి. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆసుపత్రికి అవే, దుగ్గిరాల పసుపు యార్డుకి అవే, పిల్లల్నెక్కించుకుని సూర్యలంకకి అవే. తిరగనివ్వండి, తప్పేం లేదు. వాటి బ్రేకుల విషయంలో మనం చేసే పనే నాకు నచ్చట్లేదు.

పాత అంబాసిడర్లకి నాలుగు చక్రాలకీ, మారుతికి వెనక రెండిటికీ డ్రమ్ము బ్రేకులే. లోపల షూ మీదున్న లైనర్ కొంచెం కొంచెంగా అరుగుతుంది, బయటికి కనపడదు. పెడల్ కిందికి దిగేకొద్దీ మన కాలు కూడా దానికి అలవాటు పడిపోతుంది. ఇక ఆగట్లేదనిపించాక షెడ్డుకెళ్లి "కాస్త బిగించవయ్యా" అంటాం. అడ్జస్టర్ తిప్పి, హ్యాండ్ బ్రేకు కేబుల్ లాగి పంపిస్తారు. పెడల్ పైకొస్తుంది గానీ, అరిగిన లైనర్ తిరిగి రాదు గదా! బిగించడం తప్పు కాదండీ, డ్రమ్ము విప్పి చూడకుండా బిగించడం తప్పు.

బండే చెబుతుంది, గమనించండి. మొదటిసారి తొక్కితే కిందికి పోయి, రెండోసారికి పైకొస్తే షూకీ డ్రమ్ముకీ ఎడం పెరిగినట్టు. మెత్తగా స్పంజిలా ఉంటే లైన్లో గాలి చేరినట్టు. తొక్కిపట్టినా మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ పోయింది. ఆ బండిని రోడ్డెక్కించొద్దు. ఒక పక్కకి లాగినా, ఇనుము గీరిన చప్పుడొచ్చినా, టైరు లోపలివైపు తడి కనిపించినా ఆలస్యం చేయొద్దు.

విప్పేటప్పుడు దగ్గరుండండి. బండిని ఒట్టి జాకీ మీద వదలనీయొద్దు, స్టాండు పెట్టించండి. లైనర్ మందం, వీల్ సిలిండర్ రబ్బర్ల దగ్గర తడి, డ్రమ్ములో గాడులు, ఈ మూడూ మీ కళ్లతో చూడండి. ఒక పక్క షూలు పోయినా రెండు పక్కలా కలిపే మార్పించండి, లేదంటే బండి ఒక పక్కకి లాగుతుంది. ఆయిల్ పీల్చిన లైనర్‌ని పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోవద్దు. లోపలి దుమ్ముని గాలికొట్టి ఊదనీయొద్దు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిగుడ్డతో తుడిస్తే చాలు. అయ్యాక గాలి తీయించి, ఖాళీ కళ్లంలో మెల్లగా తోలి చూసుకున్నాకే రోడ్డెక్కండి.

"పాత బండికి ఇంత ఖర్చెందుకు?" అంటారు. మనవి కాలవ గట్టు రోడ్లు. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు, పక్కన నిండు కాలవ, చాలాచోట్ల అడ్డుగోడ కూడా లేదు. అక్కడ బండి పాతదా కొత్తదా అని కాలవ చూడదు. పైగా సముద్రం వైపు ఊళ్లలో ఉప్పుగాలికి బ్రేకు పైపులూ, స్ప్రింగులూ త్వరగా తుప్పు పడతాయి.

ట్రాక్టరుకి గంటలు లెక్కపెట్టి ఆయిల్ మార్చే మనం, ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకి ఏడాదికొక్క పూట కేటాయించలేమా? ఏటా సార్వా నార్లు పోయకముందే డ్రమ్ములన్నీ విప్పించండి. షెడ్డులో ఇకనుంచి "బిగించు" అనకండి, "విప్పి చూపించు" అనండి.