గొలుసు విప్పే ముందు: జంషెడ్‌పూర్‌లో శునకోద్యానం ఎవరికి మేలు?

వీధికుక్కల సమస్య 2025లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఢిల్లీ, పరిసర ప్రాంతాలలోని వీధికుక్కలన్నింటినీ పట్టి ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆ ఆదేశాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆగస్టు 22న సవరించింది. శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను పట్టిన చోటనే తిరిగి వదలాలని, రేబిస్ సోకినవాటిని, దాడి స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలరాదని పేర్కొన్నది. వాటికి ఆహారం పెట్టేందుకు ప్రతి పురపాలక వార్డులో ప్రత్యేక స్థలాలు కేటాయించాలని సూచిస్తూ, విచారణ పరిధిని దేశమంతటికీ విస్తరించింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్సు స్టేషన్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కలను తొలగించాలని నవంబరు 7న మరో ఆదేశం వెలువడింది.

ఈ ఆదేశాలు వీధికుక్కలకు సంబంధించినవే. అయితే వీటన్నింటి వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే. నగరంలో కుక్కకు చోటెక్కడ, ఆ చోటుకు బాధ్యులెవరు? ఇంట్లో పెరిగే కుక్క విషయంలోనూ ఈ ప్రశ్న తప్పదు. పెంపుడు కుక్కలను గొలుసు విప్పి స్వేచ్ఛగా పరుగెత్తనిచ్చే ప్రత్యేక ఆవరణలు, అంటే డాగ్ పార్కులు, కావాలన్న కోరిక నగరాలలో బలపడుతున్నది. ప్రణాళికాబద్ధ నగరంగా పేరొందిన జంషెడ్‌పూర్‌కు ఈ అంశం ప్రత్యేకంగా వర్తిస్తుంది. ప్రజల స్థలంలో, ప్రజల సొమ్ముతో అటువంటి ఉద్యానం ఏర్పడాలంటే కుక్క లేని కుటుంబానికి కూడా దానివల్ల మేలు జరగాలి. ప్రతిపాదన మంచిచెడులను తూచడానికి ఇదే సరైన తూనిక.

డాగ్ పార్కు ఆలోచన పాశ్చాత్య దేశాలలో పుట్టింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, బర్క్‌లీ నగరంలో 1979లో ఏర్పడిన ఓలోనీ డాగ్ పార్కును ఈ తరహా ఉద్యానాలలో మొదటిదిగా పరిగణిస్తారు. పట్టణ రైలు మార్గం భూగర్భంలోకి వెళ్లగా పైన మిగిలిన ఖాళీ నేలలో అది వెలసింది. ఉన్న మైదానాన్ని ఎవరి నుంచీ లాక్కోలేదు. ఉపయోగంలో లేని నేలకు ఒక ఉపయోగం కల్పించారు. తరువాతి కాలంలో మన దేశంలో జరిగిన ప్రధాన ప్రయత్నం కూడా ఇదే దారిలో సాగింది.

ఆ ప్రయత్నం హైదరాబాద్‌ది. కొండాపూర్‌లో ఒకప్పుడు చెత్త పోగుపడిన 1.3 ఎకరాల స్థలాన్ని శుభ్రపరచి, సుమారు 1.1 కోట్ల రూపాయల వ్యయంతో మహానగర పాలక సంస్థ శునకోద్యానంగా తీర్చిదిద్దింది. 2018 సెప్టెంబరులో అది ప్రారంభమైంది. నడకదారి, పచ్చిక, కుక్కలు నీటిలో ఆడుకునే చిన్న కొలను, శిక్షణ పరికరాలు, పెద్ద కుక్కలకు, చిన్న కుక్కలకు వేర్వేరు ఆవరణలు అక్కడ ఏర్పాటయ్యాయి. చెత్తకుప్ప ఉద్యానంగా మారడం వల్ల కుక్కలు లేని ఇరుగుపొరుగు వారికీ మేలు జరిగింది.

అదే హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో, అంబర్‌పేట ప్రాంతంలో, తండ్రి పనిచేసే చోటికి వెళ్లిన నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. తెలంగాణ హైకోర్టు ఆ ఘటనను స్వయంగా విచారణకు స్వీకరించింది. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక వాస్తవం స్పష్టమవుతుంది. శునకోద్యానం పెంపుడు కుక్కల అవసరం తీరుస్తుందే గాని, వీధికుక్కల సమస్యను తనంతట తాను పరిష్కరించదు. నగరానికి రెండూ కావాలి. మొదటిది అమరింది కదా అని రెండోదాన్ని మరచిపోతే, దాని ఫలితాన్ని ఆరుబయట పనిచేసే పేదవారు, వారి పిల్లలు అనుభవించవలసి వస్తుంది.

జంషెడ్‌పూర్‌కు ఖాళీ స్థలాల విలువ కొత్తగా చెప్పనవసరం లేదు. కర్మాగారం ఇంకా కాగితాల మీదనే ఉన్న 1902లో, జంషెడ్‌జీ టాటా తన కుమారుడు దొరాబ్‌కు రాసిన లేఖలో విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, పచ్చిక బయళ్లు, ఆటస్థలాలు, వివిధ మతాల ప్రార్థనాస్థలాలు తప్పక ఉండాలని కోరారు. ఆ ఆలోచనకు కొనసాగింపుగా టాటా స్టీల్ స్వర్ణోత్సవ సందర్భంలో 1958లో జూబిలీ పార్కు నగరానికి అందింది. శునకాలతోనూ ఈ ఊరికి పాత అనుబంధమే ఉంది. జంషెడ్‌పూర్ కెన్నెల్ క్లబ్ శునక ప్రదర్శనలు ఇక్కడివారికి పరిచితం. 2024 అక్టోబరులో కన్నుమూసిన రతన్ టాటాకు కుక్కల పట్ల ఉన్న మమకారం అందరికీ తెలిసినదే. టాటా సంస్థల కేంద్ర కార్యాలయమైన ముంబయిలోని బాంబే హౌస్‌లో వీధికుక్కలకు ప్రత్యేక గది ఉంది. టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో 2024లో అదే నగరంలో చిన్న జంతువుల ఆసుపత్రి సేవలు మొదలయ్యాయి.

ఇంతటి నేపథ్యం ఉన్నా, శునకోద్యానం అనగానే జూబిలీ పార్కు వైపు చూడడం సరికాదు. ఉదయం నడకకు వచ్చే వృద్ధులు, సాయంత్రం ఆడుకునే పిల్లలు, సెలవు రోజున దూరప్రాంతాల నుంచి వచ్చే కుటుంబాలతో ఆ పార్కు ఇప్పటికే నిండి ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. టాటా స్టీల్ జంతు ప్రదర్శనశాల ఆ పరిసరాలలోనే ఉంది. కుక్కలలో కనిపించే డిస్టెంపర్ వంటి వ్యాధులు పెద్దపులులు, సింహాలకు కూడా సోకగలవు. గుజరాత్‌లోని గిర్ అడవులలో 2018లో తక్కువ వ్యవధిలో 20కి పైగా సింహాలు మరణించగా, పరీక్షలలో పలు సింహాలలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కాబట్టి వన్యప్రాణులకు దూరంగా, ప్రస్తుతం ఏ ఆటకూ నడకకూ వాడకంలో లేని నేలను ఎంచుకోవాలి. కొండాపూర్ నేర్పిన మొదటి పాఠం ఇదే.

రెండో పాఠం ప్రజారోగ్యానికి సంబంధించినది. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదైనట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. రేబిస్‌గా అనుమానించిన మరణాలు 54 అని అందులో ఉంది. ప్రపంచవ్యాప్తంగా సంభవించే రేబిస్ మరణాలలో భారతదేశం వాటా 36 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తున్నది. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి దాదాపుగా చికిత్స లేదు. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా టీకా వేయించుకోవడమే ప్రాణరక్షణ. ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకా అందితే వ్యాధి వ్యాప్తికి అడ్డుకట్ట పడుతుందని నిపుణులు చెబుతున్నారు. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్నది మన జాతీయ లక్ష్యం కూడా.

ఇక్కడే శునకోద్యానపు ద్వారం ప్రజలందరికీ పనికివస్తుంది. నమోదు పత్రం, ఆ ఏడాది రేబిస్ టీకా పత్రం చూపినవారికే లోపలికి ప్రవేశమన్న నియమం పెడితే, కేవలం హెచ్చరికల వల్ల జరగని పని ఒక సౌకర్యం వల్ల జరుగుతుంది. కుక్కను స్వేచ్ఛగా పరుగెత్తించాలన్న ఆశతో యజమాని తానే టీకా కేంద్రానికి వస్తాడు. పెంపుడు జంతువుకు టీకా, నులిపురుగుల మందు, సంతాన నియంత్రణ యజమాని బాధ్యతేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. తన జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్తపడని యజమానిపై చర్యకు భారతీయ న్యాయసంహిత 291వ సెక్షన్ వీలు కల్పిస్తున్నది. చట్టంలో ఉన్న ఈ బాధ్యతను నిత్యజీవితంలోకి తెచ్చే సాధనంగా ఉద్యానం ఉపయోగపడాలి.

నిర్మాణంలోనూ కొన్ని మెలకువలు అవసరం. ద్వారం వద్ద రెండు తలుపులు ఉండాలి. ఒకటి మూసిన తరువాతనే రెండోది తెరిస్తే కుక్క తప్పించుకుని రోడ్డు మీదకు పోదు. పెద్దవాటిని, చిన్నవాటిని విడివిడి ఆవరణలలో ఉంచాలి. టీకాలు పూర్తికాని కూనలను, ఎదకు వచ్చిన ఆడకుక్కలను అనుమతించరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో నీడ, తాగునీరు లేని ఉద్యానం కుక్కలకు ప్రాణాంతకం. వర్షాకాలంలో నీరు నిలిస్తే ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ కుక్కలకే గాక మనుషులకూ సోకుతుంది. అందువల్ల నేల వాలు, మురుగు కాలువ ముందే చూసుకోవాలి. మలాన్ని యజమానే తీసి తొట్టిలో వేయాలన్న నియమం అమలుకు కాపలాదారు ఉండాలి. ప్రారంభోత్సవానికి నిధులు దొరకడం కష్టం కాదు. పదో నెలలో కాపలాదారు జీతానికి, విరిగిన కంచె మరమ్మతుకు నిధులు ఎక్కడివన్నదే అసలు పరీక్ష.

ఆ పరీక్ష జంషెడ్‌పూర్‌లో మరింత క్లిష్టం. నగర పాలన ఒకే గొడుగు కింద లేదు. టాటా స్టీల్ లీజు ప్రాంతంలో నీరు, రహదారులు, పారిశుద్ధ్యం వంటి సేవలను గతంలో జుస్కో పేరుతో ఉన్న టాటా అనుబంధ సంస్థ నిర్వహిస్తున్నది. నోటిఫైడ్ ఏరియా కమిటీకి తన పరిధి ఉంది. సువర్ణరేఖ అవతల మాంగో, ఇటు జుగ్‌సలాయ్ వేర్వేరు స్థానిక సంస్థల కింద ఉన్నాయి. ఖర్‌కాయ్ అవతల ఆదిత్యపూర్ అయితే జిల్లాయే వేరు. పారిశ్రామిక పట్టణాలకు మునిసిపాలిటీ ఏర్పాటు నుంచి మినహాయింపునిచ్చే రాజ్యాంగంలోని 243క్యూ అధికరణ ఈ నగరం విషయంలో ఏళ్ల తరబడి చర్చనీయాంశంగా ఉంది. కుక్కలకు ఈ సరిహద్దులు తెలియవు, రేబిస్‌కు అసలే తెలియవు. కద్మా, సోనారిలలో టీకా పూర్తయి, వంతెన అవతల మాంగోలో జరగకపోతే రక్షణ సగమే అవుతుంది.

ఉద్యానం చుట్టూ న్యాయం ప్రశ్న కూడా తలెత్తుతుంది. జాతి కుక్కను పెంచగల కుటుంబానికి తోట, బస్తీలో వీధికుక్కకు అన్నం పెట్టే కుటుంబానికి నిందలు అన్న పరిస్థితి రాకూడదు. వీధి నుంచి చేరదీసిన దేశవాళీ కుక్కకూ, వేలు పోసి కొన్న విదేశీ జాతి కుక్కకూ ఒకే ద్వారం, ఒకే నియమం ఉండాలి. ప్రవేశ రుసుము ఉంటే అది పేద కుటుంబం భరించగలిగేంతే ఉండాలి. లీజు ప్రాంతం, మాంగో, జుగ్‌సలాయ్ అన్న తేడా లేకుండా నమోదు పత్రం ఎక్కడిదైనా చెల్లాలి.

పిల్లల ఆటస్థలాలే చాలనప్పుడు కుక్కలకు ఉద్యానమా అన్న అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. దానికి సమాధానం మాటలలో గాక ఏర్పాటులో కనిపించాలి. పిల్లల మైదానం నుంచి ఒక్క అడుగు కూడా తీసుకోకూడదు. ఉద్యానం తెరిచిన తరువాత మిగతా పార్కులలో, మైదానాలలో కుక్కలకు గొలుసు తప్పనిసరి అన్న నియమం కచ్చితంగా అమలు కావాలి. అప్పుడు కుక్కలంటే భయపడే చిన్నారికి తన పార్కు నిశ్చింతగా మిగులుతుంది, కుక్కకు తన పరుగు దక్కుతుంది. అదే ఆవరణ పక్కన అన్ని స్థానిక సంస్థలూ కలిసి నడిపే టీకా, శస్త్రచికిత్స కేంద్రం ఉంటే వీధికుక్కల సంరక్షణకూ అక్కడే పునాది పడుతుంది.

రాజ్యాంగంలోని 51ఏ అధికరణ ప్రాణికోటి పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధిగా పేర్కొన్నది. పాదచారి భద్రత, బాలల ప్రాణరక్షణ కూడా అంతే గౌరవించదగినవి. నూరేళ్లకు పైబడిన చరిత్రలో మనుషులకు నీడను, నడకదారిని ముందుగానే ఊహించి కట్టుకున్న నగరానికి ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం అసాధ్యం కాదు. ఉద్యానానికి శంకుస్థాపన ఎప్పుడన్న ప్రశ్న కన్నా ముందు, టీకా నమోదు పుస్తకం తెరిచేది ఎవరు, నదికి అవతలి వాడలను అందులో చేర్చేది ఎవరు అన్న ప్రశ్నలకు స్థానిక సంస్థలు, పరిశ్రమ, జిల్లా యంత్రాంగాలు కలిసి జవాబు చెప్పవలసి ఉంటుంది.