లేతు దగ్గరికి అసెంబ్లీ డ్రాయింగూ రావాలి

తొండియార్‌పేట నుంచి ఉత్తరానికి వెళ్తే తిరువొత్తియూరు, అది దాటితే ఎన్నూరు. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. బుల్లెట్ బళ్లకు తిరువొత్తియూరు పుట్టిల్లయింది. ఎన్నూరులో అశోక్ లేలాండ్ ఉంది. పడమట పెరంబూరులో రైలుపెట్టెల కర్మాగారం మొదలైందీ 1955లోనే. పెద్ద ఫ్యాక్టరీలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్లలో మాత్రం లేతు మీద పనిచేసే టర్నర్ చేతికి చాలాసార్లు అందేది ఒకే కాగితం: పార్ట్ డ్రాయింగ్.

అది చాలదు.

పార్ట్ డ్రాయింగ్ ఒక్క భాగం ఆకారం, కొలతలు చెబుతుంది. ఆ భాగం ఎక్కడ కూర్చుంటుందో, దేన్ని తాకుతుందో చూపేది అసెంబ్లీ డ్రాయింగ్. భాగాలన్నీ విప్పి వరసగా పరిచినట్టుండే ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ మెకానిక్కుకు పనికొస్తుంది. వెల్డర్‌కు అతుకు గుర్తులున్న డ్రాయింగ్ కావాలి. తొండియార్‌పేట చమురు టెర్మినల్ లాంటి చోట పైపులు, వాల్వుల పటం ఉంటుంది. దానికి స్కేలుతో పని లేదు, ఏ పైపు ఎటు పోతుందో తెలిస్తే చాలు.

25 మిల్లీమీటర్ల రంధ్రాన్నే చూడండి. దానికి హెచ్7 అనే టాలరెన్స్ గుర్తు రాస్తే 25.000 నుంచి 25.021 దాకా ఉండొచ్చు. షాఫ్ట్‌కు జి6 అయితే 24.980 నుంచి 24.993 వరకు, అది అందులో తేలిగ్గా తిరుగుతుంది. అదే రంధ్రంలో బిగించే బుష్ బయటి వ్యాసానికి పి6 అంటే 25.022 నుంచి 25.035. అది రంధ్రంలోకి ఊరికే దిగదు, ప్రెస్‌తో దింపాలి. ఈ సంగతి అసెంబ్లీలో చూసిన టర్నర్ అంచుకు చాంఫర్ (ఏటవాలు కోత) ఉందా అని వెతుకుతాడు. డ్రాయింగ్‌లో మరిచిపోయి ఉంటే మెటల్ కోయకముందే అడుగుతాడు. కొలత ఒక్కటే చూసినవాడికి ఆ ప్రశ్న ఎందుకు తడుతుంది?

ఇంకో చిక్కు ప్రొజెక్షన్‌ది. మన విద్యార్థులు నేర్చేది ఫస్ట్ యాంగిల్, అందులో పైనుంచి చూసిన బొమ్మ కింద పడుతుంది. అమెరికా ఆర్డర్లలో వాడే థర్డ్ యాంగిల్‌లో అది పైనే ఉంటుంది. ఏ పద్ధతిలో గీశారో చెప్పే కోసిన శంకువు గుర్తును గమనించకపోతే ఒక పక్కన రావాల్సిన గాడి ఎదురు పక్కకు పోతుంది. పక్కన అసెంబ్లీ ఉంటే ఆ పొరపాటు చూడగానే తెలిసిపోతుంది.

డిజైను బయటికి పొక్కుతుందని కంపెనీల భయం. అందులో న్యాయం ఉంది. కానీ మొత్తం యంత్రం డ్రాయింగ్ ఇవ్వనక్కర్లేదు; ఆ భాగమూ, దాన్ని తాకే రెండు మూడు భాగాలూ ఉన్న ముక్కను ప్రింటు తీసి ఇస్తే సరిపోతుంది. రెండేళ్ల ఐటీఐ టర్నర్, ఫిట్టర్ కోర్సుల్లోనూ గీయించడంతో ఆపకుండా, ఒక అసెంబ్లీ చేతికిచ్చి ఇందులో ఏ భాగం తిరగాలి, ఏది కదలకూడదు అని మాతృభాషలో చెప్పించే పరీక్ష పెట్టాలి.