ఇంటి సంగతులు: పాత పీపా కొనే ముందు

"ఏమండీ, యీ పీపాలో ఇదివరకు ఏముండేదో అడిగారా?" అని మా ఇల్లాలు అనేదాకా నాకా సంగతి తోచనేలేదు.

2024 మార్చి నెలలో మన కుందలహళ్ళి చుట్టుప్రక్కల ట్యాంకరు కోసం పడిగాపులు పడిన రోజులు పాఠకులు మరచివుండరు. తాగే నీటితో కార్లు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని జలమండలి ప్రకటించిన నెల అది. నీళ్ళు వచ్చిననాడు పట్టి వుంచుకుందామంటే ఇంట్లో పాత్రలు చాలలేదు. కొత్త పీపా ఖరీదు చూచి వెనుకాడి, గుజరీ అంగడిలో 200 లీటర్ల నీలం పీపా ఒకటి బేరమాడి తెచ్చాను. గెలిచానన్న సంతోషం ఆమె ప్రశ్నతో ఆవిరైపోయింది. మూత తీసి చూస్తే రంగులలో కలిపే టిన్నరు వాసన! అంగడివాడు "కడిగేశాం సార్" అన్నాడే గాని, ఏముండేదో చెప్పలేదు.

సబ్బుతో, వేడినీటితో నాలుగు రోజులు తోమాము. వాసన పోయిందనే అనుకున్నాము. మూత బిగించి ఎండలో వుంచితే సాయంత్రానికి మళ్ళీ తేలింది. ప్లాస్టిక్కు స్టీలు వంటిది కాదు. నూనెలు, టిన్నరు వంటివి దాని గోడలలోకి ఇంకిపోయి, తరువాత పోసిన నీళ్ళలోకి మెల్లగా దిగుతాయి. కాచుకొని తాగుదామంటారా? కాచితే క్రిములు చస్తాయి గాని, ఇటువంటి వాటికి కాచడం మందు కాదు.

ఇది చాదస్తమని ఎవరూ అనుకోవద్దు. 2013 జూలై 16న బీహారులో సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. పరీక్షలో వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు తేలింది. మందు వుండిన డబ్బాలో నూనె వుంచారని అప్పట్లో వార్తలు వచ్చాయి.

కనుక పాత పీపా కొనేవారు ఈ నాలుగు చూడండి.

మొదటిది, చీటీ. చించివేసినా మూలల్లో ముక్కలు మిగులుతాయి. పురుగుమందుల చీటీపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చలలో ఒక రంగు గుర్తు వుంటుంది. ఎరుపు అతి తీవ్రమైన విషం. ఏ రంగు కనబడినా వదలివేయండి. అటువంటి ఖాళీ డబ్బాలను పగులగొట్టి పూడ్చవలెనని 1971 నాటి నిబంధనలే చెబుతున్నాయి.

రెండవది, అడుగున అచ్చు. గ్లాసు, ఫోర్కు బొమ్మ వుంటే ఆహారానికి తగిన ప్లాస్టిక్కు అని అర్థం. అయితే అది తయారైననాటి మాట. తరువాత అందులో ఏం పోశారో బొమ్మ చెప్పదు.

మూడవది, వాసన. కాస్త వేడినీరు పోసి, మూత బిగించి, కొంతసేపు ఎండలో వుంచి చూడండి. ఊరగాయల పులుపు వాసనకు భయం లేదు. మందు, నూనె, రంగుల వాసన వస్తే బేరం వద్దు.

నాలుగవది, ఒళ్ళు. ఎండకు వెలిసి, గోటితో గీస్తే పొడి రాలేది త్వరలో పగులుతుంది. మూతలోని రబ్బరు చుట్టు గట్టిగా వుండాలి. లేకుంటే దోమలకు అదే పురిటిగది.

2024 అక్టోబరులో కావేరి ఐదవ దశ ప్రారంభమైనది. కాని ఆనాటి పీపాలు మాత్రం చాలా ఇళ్ళల్లో మిగిలేవున్నాయి. వేసవి రాగానే మళ్ళీ బయటికి వస్తాయి. మీ పీపా పూర్వచరిత్ర మీకు తెలుసా? తెలియకపోతే దానిని స్నానాల గది కడగడానికి వుంచుకోండి.

మా పీపా ఇప్పుడు ఆ పనిలోనే వున్నది. "ఈ నీళ్ళు తాగరాదు" అని తెలుగులోను, కన్నడంలోను పెద్ద అక్షరాలతో నేనే వ్రాశాను. తాగే నీటికి మూతగల స్టీలు బిందెలు రెండు కొన్నాము. వాటిని బేరమాడింది మా ఇల్లాలు.